నేరేడు థీమ్‌ను నలుగురికీ ఇచ్చే ముందు

చిరంజీవి అమ్ములుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు స్క్రీన్‌షాట్లూ రాత్రే చూశాను. ఫోన్‌లో రంగు సరిగ్గా తెలియదు కాబట్టి పొద్దున్నే పెద్ద మానిటర్ మీద తెరిచి మళ్ళీ చూశాను. చాలా బాగుందమ్మా. విండో పైభాగానికి నేరేడు తొక్క రంగు, మెనూలకి కొరికితే లోపల కనిపించే లేత ఊదా, ఎంచుకున్న వరసకి నాలుక మీద మిగిలే మరక రంగు. మన పెరట్లో చెట్టు కింద ఆడుకున్న పిల్ల చేసిన థీమ్ అని నాకు తెలిసిపోతోంది. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్ళలో ఇలాంటి రంగుల కోసం వెతికేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

ఈ ఆదివారం అప్‌లోడ్ చేసేస్తానని రాశావు. ఈ ఆదివారం వద్దు. ఇంకో మూడు వారాలు ఆగు. ఆ మూడు వారాల్లో ఏం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదువు.

థీమ్‌ను చూసి మెచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువ. వాళ్ళకి స్క్రీన్‌షాట్ చాలు. కొద్దిమంది మాత్రం దాన్ని వేసుకుని అందులో కాపురం పెడతారు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుని సాయంత్రం దాకా నువ్వు ఎంచిన రంగుల మధ్యే లెక్కలు చూసుకుంటారు, ఉత్తరాలు టైప్ చేస్తారు, ప్రోగ్రాములు రాస్తారు. విడుదల చేసేటప్పుడు నీ మనసులో ఉండాల్సింది ఆ కొద్దిమందే. నేను చెప్పబోయేవన్నీ వాళ్ళ తరఫున చెబుతున్నాననుకో.

నేను రాజమండ్రిలో డీటీపీ షాపులో పనిచేసిన రోజుల గురించి అమ్మ చెప్పే ఉంటుంది. మాఘమాసం వచ్చిందంటే శుభలేఖలే శుభలేఖలు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో, రోజుకి పన్నెండు గంటలు తెల్లటి పేజీ ముందు కూర్చునేవాణ్ణి. పడుకుని కళ్ళు మూసుకున్నా ఆ తెల్లటి చదరమే కనిపించేది. షాపులో విండోస్, ఇంట్లో లినక్స్. ఇంట్లో మెషీన్‌కి రంగులు మార్చడం మొదలుపెట్టింది సరదాకి కాదు, కళ్ళ మంట తగ్గుతుందేమోనని. అప్పుడు గ్నోమ్ 2 అనే డెస్క్‌టాప్ ఉండేది, థీమ్‌లు దాని బటన్లూ మెనూలూ గీసే జీటీకే 2 కోసం రాసేవాళ్ళం. మురైన్ అనే ఇంజన్ చాలామందికి ఇష్టం. ఆకుపచ్చ మీద బూడిద రంగుతో ఒకటి చేసి, వారం రోజుల్లో జనానికి ఇచ్చేశాను.

ఇచ్చిన పది రోజులకి ఒకాయన రాశాడు. చిన్న వ్యాపారం లెక్కలు కంప్యూటర్‌లోనే రాసుకుంటాడు. ఒక వరసని ఎంచుకుని, పక్క గడిలోకి వెళ్ళి క్లిక్ చేస్తే, ఆ వరసలోని అక్షరాలు మాయమవుతున్నాయి. వరస పోయిందనుకుని అదే మొత్తాన్ని రెండోసారి ఎక్కించాడు. రాత్రంతా లెక్క కుదరలేదు. తప్పు నాదే. ఎంచుకున్న వరసకి ఒక రంగు పెట్టాను, ఫోకస్ పక్కకి పోయినప్పుడు అదే వరసకి ఇంకో రంగు పెట్టాలని తెలుసు గానీ, అక్కడ అక్షరాల రంగూ వెనక రంగూ దాదాపు ఒకటే అయిపోయాయి. నేను ఎప్పుడూ ఆ స్థితిలో వరసని చూడలేదు, ఎందుకంటే స్క్రీన్‌షాట్‌లో అది రాదు.

అందుకని మొదటి పని, రెండు వారాలు నువ్వే ఆ థీమ్‌లో ఉండు. కాలేజీ ప్రాజెక్టు, మెయిళ్ళు, సినిమాలు అన్నీ అందులోనే. ఏదైనా కంటికి తగిలితే అప్పుడే సరిచెయ్యకు, పక్కన నోట్‌బుక్‌లో రాసుకో. అప్పటికప్పుడు సరిచేస్తూ పోతే చిన్న చిన్న మార్పులు ఒకదాన్నొకటి చెడగొడతాయి. సాయంత్రం కూర్చుని ఒకేసారి చెయ్యి.

ఆ రెండు వారాల్లోనూ నీకు ఎదురుపడని మూలలు ఉంటాయి. వాటి కోసం విడ్జెట్ ఫ్యాక్టరీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, జీటీకే 3కి ఒకటి, జీటీకే 4కి ఒకటి. బటన్లు, టిక్ పెట్టెలు, స్లైడర్లు, ట్యాబులు, అన్నీ ఒకే విండోలో పరిచి చూపిస్తుంది. ప్రతిదాన్నీ నాలుగు రకాలుగా చూడు: మామూలుగా ఉన్నప్పుడు, మౌస్ పైకి వచ్చినప్పుడు, పనిచెయ్యకుండా ఆపేసినప్పుడు, విండో వెనక్కి వెళ్ళిపోయినప్పుడు. చివరి రెండూ అందరూ మర్చిపోతారు. నీ మూడో స్క్రీన్‌షాట్‌లో సేవ్ బటన్ పనిచేస్తుందో లేదో నాకు తెలియలేదు. ఆపేసిన బటన్ ఆపేసినట్టు కనిపించాలి, అయినా దాని మీద ఏం రాసి ఉందో చదవగలగాలి. ఏ భాగానికి ఏ పేరో తెలియకపోతే జీటీకే ఇన్‌స్పెక్టర్ తెరువు. కంట్రోల్, షిఫ్ట్, డీ కలిపి నొక్కితే వస్తుంది, రాకపోతే సెట్టింగుల్లో దాన్ని ఆన్ చెయ్యాలి.

రంగుల సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. లేత ఊదా మెనూల మీద నువ్వు పెట్టిన అక్షరాలు కూడా ఊదాలోనే ముదురు రంగు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, నా వయసు కళ్ళకి మాత్రం చదవడం కష్టమైంది. దీనికి ఒక కొలత ఉంది. వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణంలో, మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. పెద్ద అక్షరాలకీ, బటన్ అంచుల్లాంటి వాటికీ 3:1 చాలు. రెండు రంగుల కోడ్‌లు ఇస్తే ఆ లెక్క చెప్పే పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. నీ రంగులన్నీ జతలు జతలుగా అందులో వేసి చూడు. తక్కువొచ్చిన చోట నేరేడుని వదులుకోనక్కర్లేదు, అక్షరాన్ని ఇంకొంచెం నల్లగా చెయ్యి, అంతే. ఆపేసిన బటన్లకి ఆ ప్రమాణం మినహాయింపు ఇస్తుంది, అయినా పైన చెప్పింది మర్చిపోకు.

ఇంకోటి. నీ ల్యాప్‌టాప్ స్క్రీన్ మంచిది. అందులో నేరేడు రంగుకీ దాని పక్కనున్న నలుపుకీ తేడా చక్కగా తెలుస్తుంది. చవక మానిటర్లలో ఆ రెండూ కలిసిపోయి ఒక ముద్దలా కనబడతాయి. కాలేజీ ల్యాబ్‌లో పాత మానిటర్ మీద ఒకసారి చూడు. కిటికీ పక్కన, ఎండ పడే వేళ కూడా చూడు. తప్పుకి ఎరుపు, సరైనదానికి ఆకుపచ్చ పెట్టావు కదా, ఆ రెండు రంగులూ ఒకేలా కనిపించే మనుషులున్నారు, మగవాళ్ళలో ఎక్కువ. వాటి వెలుగులోనైనా తేడా ఉండేలా చూసుకో.

విండో అంచు గురించి మర్చిపోయేలోగా చెప్తాను. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో చుట్టూ ఉండే చట్రాన్ని ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం 4 అనే ప్రోగ్రాం గీస్తుంది, దానికి నువ్వు ఇచ్చే చిన్న చిన్న బొమ్మలే ఆధారం. నీ అంచు ఒక్క పిక్సెల్. బొమ్మలో సన్నగా, నాజూగ్గా ఉంది. విండోని పెద్దది చెయ్యాలంటే ఆ ఒక్క పిక్సెల్‌ని మౌస్‌తో పట్టుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటున్న బాధ ఇది. ఆల్ట్ నొక్కి కుడి క్లిక్‌తో లాగొచ్చని తెలిసినవాళ్ళు బతికిపోతారు, మిగతావాళ్ళు తిట్టుకుంటారు. అంచు కనీసం నాలుగైదు పిక్సెళ్ళు చెయ్యి, లేదా కింది మూలలైనా పెద్దవి చెయ్యి. సన్నగా కనిపించాలంటే లోపలి పిక్సెళ్ళకి విండో రంగే ఇవ్వొచ్చు. అలాగే ఆ బొమ్మలు వాటంతటవి పెరగవు. 4కే స్క్రీన్ ఉన్నవాళ్ళకి నీ మూసే బటన్ ఆవగింజంత కనిపిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే డిఫాల్ట్ థీమ్‌కి హెచ్‌డీపీఐ, ఎక్స్‌హెచ్‌డీపీఐ అని పెద్ద సైజులు విడిగా ఉండేది అందుకే. నువ్వూ ఆ రెండూ చేసిపెట్టు. పని ఎక్కువే, ఒకరోజు పడుతుంది.

ఇప్పుడు మన అక్షరాల దగ్గరికి వస్తాను. నీ స్క్రీన్‌షాట్లలో ఎక్కడా తెలుగు లేదు, అన్నీ ఇంగ్లిష్ ఫైళ్ళే. నీ థీమ్ పేరు నేరేడు. దాన్ని చూసి మనవాళ్ళే ముందు వస్తారు. వాళ్ళ ఫోల్డర్లలో తెలుగు పేర్లుంటాయి, బ్రౌజర్‌లో తెలుగు పేజీలు తెరుస్తారు, ఆ పేజీ పేరు విండో నెత్తి మీదికి వస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, కిందకి దిగేవి నాలుగైదే. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, గుడిదీర్ఘం ఉంటుంది, కింద వత్తు ఉంటుంది, ఒక్కోసారి వత్తు కింద వత్తు. శుభలేఖలు కంపోజ్ చేసే రోజుల్లో వరసల మధ్య దూరం తగ్గిస్తే పై వరస వత్తులు కింది వరస గుళ్ళకి తగిలేవి, యజమాని ఎర్ర పెన్నుతో చుట్టి పంపేవాడు. అప్పటినుంచి నాకు ఎక్కడ తెలుగు చూసినా కళ్ళు ముందు వత్తుల కిందకి పోతాయి.

జీటీకేలో బటన్‌కి నువ్వు ఇచ్చే ఎత్తు కనీసపు ఎత్తు మాత్రమే, లోపలి అక్షరం పెద్దదైతే బటన్ తనంతట తాను పెరుగుతుంది. అక్కడ భయం లేదు. విండో చట్రం అలా కాదు. నువ్వు ఇచ్చిన బొమ్మ ఎత్తు ఎంతో టైటిల్ బార్ అంతే. నీది 22 పిక్సెళ్ళని చూశాను. ఒక ఫోల్డర్‌కి 'రాష్ట్రీయ' అని పేరు పెట్టి తెరువు. ఇంకోదానికి 'స్త్రీ', ఇంకోదానికి 'మాహాత్మ్యం'. ట కింద ర వత్తు తెగిపోతే 'రాష్ట్రీయ' ఏదో ఇంకో పదంలా కనిపిస్తుంది. ఫాంట్ మారితే కొలతలూ మారతాయి. ఒకసారి లోహిత్ తెలుగుతో, ఒకసారి నోటో సాన్స్ తెలుగుతో, ఒకసారి పోతన 2000తో చూడు. మూడింటికీ వత్తులు తెగకుండా వస్తే బొమ్మ ఎత్తు సరిపోయినట్టే. నా లెక్కన ఇంకో ఆరు పిక్సెళ్ళు పెంచాలి. పెంచితే నీ బటన్లు మధ్యలో ఉండేలా మళ్ళీ గీయాలి, అది నాకు తెలుసు. అయినా చెయ్యమనే చెప్తాను.

మొత్తం డెస్క్‌టాప్‌ని కూడా ఒకరోజు తెలుగులోకి మార్చి చూడు. క్యాన్సిల్ ఉన్నచోట 'రద్దుచేయి' వస్తుంది, కొన్ని మెనూలు ఇంకా పొడుగవుతాయి. బటన్ లోపల పక్కల ఖాళీ తక్కువ పెట్టి ఉంటే అక్షరాలు అంచుకి ఆనుకుంటాయి. తెలుగుకి సరిపడేలా చేసిన థీమ్ తమిళానికీ మలయాళానికీ థాయ్‌కీ కూడా చాలావరకు సరిపోతుంది. ఆ సంగతి నీ వివరణలో ఒక వాక్యం రాయి. ఇది పరీక్షించి చేశానని చెప్పే థీమ్‌లు చాలా తక్కువ.

ఇక రుణాల సంగతి. రంగులు నీవి, ఎముకలు ఆర్క్ అనే ఇంకొకరి థీమ్‌వి అని నువ్వే రాశావు. దాచకుండా చెప్పావు, సంతోషం. అదే మాట థీమ్ వివరణలో మొదటి పేరాలోనే ఉండాలి, అడుగున చిన్నక్షరాల్లో కాదు. ఆర్క్ జీపీఎల్ 3 లైసెన్స్ కింద ఉంది. కాబట్టి నీ నేరేడు కూడా అదే లైసెన్స్ కింద రావాలి. వ్యాపారానికి వాడకూడదనో, మార్చకూడదనో నువ్వు కొత్త షరతులు పెట్టడానికి వీల్లేదు. లైసెన్స్ పూర్తి పాఠం ఫైల్‌గా లోపల పెట్టు. ఏం మార్చావో, ఎప్పుడు మార్చావో రాయి. ముఖ్యమైనది ఇంకోటి: చివరగా తయారైన సీఎస్ఎస్, అంటే థీమ్ రూపం రాసి ఉండే ఫైల్, ఒక్కటే ఇస్తే సరిపోదు. ఆర్క్ రాసింది ఆ సీఎస్ఎస్‌ని తయారుచేసే సాస్ (Sass) ఫైళ్ళలో, బొమ్మలు గీసింది ఎస్‌వీజీ ఫైళ్ళలో. నువ్వు మార్పులు చేసింది కూడా వాటిలోనే కదా, ఆ మూలాలన్నీ గిట్‌హబ్‌లోనో గిట్‌ల్యాబ్‌లోనో కోడ్‌బర్గ్‌లోనో అందుబాటులో ఉంచు.

లైసెన్స్ కాగితాల పని అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, నా రెండో థీమ్‌కి ఏ లైసెన్సూ రాయలేదు. 2016 మార్చిలో జీటీకే 3.20 వచ్చింది. థీమ్‌లో ఒక్కో భాగాన్ని పిలిచే పేర్లు అప్పుడు మారాయి, పాత పేర్లతో రాసినవి కొత్త వెర్షన్‌లో పట్టలేదు. చాలామంది థీమ్ కర్తలు పాత వెర్షన్‌కి ఒక ఫోల్డర్, 3.20కి ఇంకో ఫోల్డర్ పెట్టి రెండూ నడిపారు. అది చెయ్యాల్సిన సమయంలో నేను నాన్నగారితో ఆసుపత్రిలో ఉన్నాను. నాలుగు నెలలు కంప్యూటర్ ముట్టుకోలేదు. తిరిగి వచ్చి చూస్తే, ఎవరో ఒక అబ్బాయి అన్నీ సరిచేసి, "మీ థీమ్‌ని నేను సరిచేసి ఇవ్వొచ్చా? లైసెన్స్ కనిపించలేదు, అడగకుండా పెట్టడం పద్ధతి కాదు" అని మూడుసార్లు రాశాడు. నా జవాబు రాక ఆగిపోయాడు. ఆ నాలుగు నెలల్లో అందరూ వేరే థీమ్‌లకి వెళ్ళిపోయారు. నేను ఒక్క ఫైల్ పెట్టి ఉంటే ఆ అబ్బాయి మొదటి రోజే పని కానిచ్చేవాడు. అదే ఆర్క్‌ని చూడు. మొదట చేసినాయన ఆపేశాక కూడా వేరేవాళ్ళు తీసుకుని నడిపారు, అందుకే ఈరోజు నీ చేతికి అందింది. ఆ దారి నీ తర్వాతివాళ్ళకీ తెరిచి ఉంచు.

స్క్రీన్‌షాట్‌లో ఉన్న ఐకాన్లు ప్యాపిరస్‌వి అనుకుంటాను. వాల్‌పేపర్ ఎక్కడిది? నువ్వు తీసిన ఫోటో అయితే అది కూడా ఇచ్చెయ్యి, జనం అడిగేది ముందు దాని గురించే. ఎక్కడో దొరికినదైతే స్క్రీన్‌షాట్‌లోంచి తీసెయ్యి. ఐకాన్ల పేరు, ఫాంట్ పేరు, వాటి సైజులు వివరణలో రాసిపెడితే సగం ప్రశ్నలు రావు.

ప్యాకింగ్‌కి ఒక మధ్యాహ్నం చాలు. తార్ ఫైల్‌గా కట్టు. జిప్‌లో కడితే ఒక ఫైల్ నుంచి ఇంకోదానికి వేసిన లింకులు పాడయ్యే అవకాశం ఉంది. విప్పితే ఒకే ఒక్క ఫోల్డర్ రావాలి, డౌన్‌లోడ్స్ నిండా ముక్కలు చెల్లాచెదురు కాకూడదు. ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టు, టెర్మినల్‌లో టైప్ చేసేవాళ్ళకి సుఖం. తెలుగు పేరు వివరణలోనూ శీర్షికలోనూ అందంగా ఉండనీ. ఆ పేరుతో ఇంకో థీమ్ లేదని ముందే వెతికి చూసుకో.

కట్టాక నీ మెషీన్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరువు. అందులోకి వెళ్ళి, నువ్వు రాసిన సూచనలు మాత్రమే చదువుతూ, ఏమీ తెలియని మనిషిలా థీమ్ వేసుకో. సీఎస్ఎస్‌లో ఎక్కడైనా నీ సొంత హోం ఫోల్డర్ దారి మిగిలిపోయి ఉంటే, నీ అకౌంట్‌లో అన్నీ బాగానే ఉంటాయి, కొత్త అకౌంట్‌లో బొమ్మలు రావు. పైగా ఆ దారిలో నీ యూజర్ పేరు ఊరందరికీ కనిపిస్తుంది. ఫైల్ పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా లినక్స్ ఊరుకోదు. ఇవన్నీ పది నిమిషాల్లో బయటపడతాయి. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాముల్లాంటివి కొన్ని రూట్‌గా, అంటే సిస్టమ్ మొత్తం మీద హక్కులున్న అకౌంట్‌తో నడుస్తాయి, అవి హోం ఫోల్డర్‌లో పెట్టిన థీమ్‌ని చూడవు. వాటికీ కావాలంటే సిస్టమ్ థీమ్‌ల ఫోల్డర్‌లో ఎలా పెట్టాలో ఒక లైను రాయి.

ఏ మాట ఇస్తున్నావో, ఏది ఇవ్వడం లేదో స్పష్టంగా చెప్పడం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. నువ్వు పరీక్షించింది ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒక్కదాంట్లో. అలాంటప్పుడు గ్నోమ్, సినమన్, మాతే లాంటి మిగతా డెస్క్‌టాప్‌లు అన్నిట్లోనూ పనిచేస్తుందని రాయకు. గ్నోమ్ సంగతి ఇప్పుడు వేరు. 2021 చివర్లో గ్నోమ్ ప్రోగ్రాములకి రూపాన్నిచ్చే లిబ్‌అద్వైత వచ్చింది, 2022 మార్చిలో గ్నోమ్ 42తో చాలా ప్రోగ్రాములు దాని మీదికి మారాయి. (అద్వైత అంటే మన అద్వైతమే, గ్నోమ్ సొంత థీమ్ పేరు అది.) ఆ ప్రోగ్రాములు తమ రూపాన్ని తామే తెచ్చుకుంటాయి, నువ్వు పెట్టిన థీమ్‌ని చదవవు. సీఎస్ఎస్‌ని యూజర్ సెట్టింగుల ఫోల్డర్‌లోకి కాపీ చేసి బలవంతంగా వేసేవాళ్ళున్నారు. తర్వాతి అప్‌డేట్‌లో ఏదో ఒకటి విరుగుతుంది, ఆ ఫిర్యాదు నీకు రాదు, ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళకి పోతుంది.

దీని మీద 2019లో కొందరు గ్నోమ్ ప్రోగ్రామర్లు బహిరంగ లేఖ రాశారు. డిస్ట్రోలు, అంటే లినక్స్‌ని కట్టి జనానికి ఇచ్చేవాళ్ళు, తమంతట తాము మా ప్రోగ్రాములకి థీమ్‌లు వేసి పంపకూడదు, విరిగినవాటికి మేం జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది అని వాళ్ళ మాట. ఎవరి మెషీన్‌లో వాళ్ళు మార్చుకోవడానికి అభ్యంతరం లేదని కూడా అందులోనే రాశారు. మన పక్షం వాళ్ళు చాలామంది దాన్ని చూసి కోప్పడ్డారు. నాకు మాత్రం వాళ్ళ బాధ న్యాయంగానే తోచింది. నేను పెట్టిన రంగు వల్ల ఎవరి ప్రోగ్రాంలోనో బటన్ కనబడకపోతే, రాత్రి మేలుకుని వెతికేది అతను. అందుకని నీ వివరణలో ఇలా రాయి: ఈ థీమ్‌లో ఏదైనా ప్రోగ్రాం తేడాగా కనిపిస్తే ముందు నాకు చెప్పండి, ప్రోగ్రాం రాసినవాళ్ళకి చెప్పే ముందు మామూలు థీమ్‌లో చూసి నిర్ధారించుకోండి. లిబ్‌అద్వైత ప్రోగ్రాములకి ఇది వర్తించదని కూడా రాయి. ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు మిగతా సిస్టమ్‌కి విడిగా, వేరే గదిలో ఉన్నట్టు ఉంటాయి, హోం ఫోల్డర్‌లోని థీమ్ వాటికి మామూలుగా అందదు, ఆ ముక్క కూడా.

స్క్రీన్‌షాట్లు మళ్ళీ తియ్యి. ఇప్పుడున్నవాటిలో ఎక్కువ చోటు ఖాళీ డెస్క్‌టాప్, టెర్మినల్, గడియారానికే పోయింది. ఒకదాంట్లో ఫైల్ మేనేజర్ నిండా ఫైళ్ళు, ఒకదాంట్లో లిబ్రెఆఫీస్ లెక్కల పట్టిక, ఒకదాంట్లో ఆపేసిన బటన్లున్న సెట్టింగుల విండో, ఒకదాంట్లో తెలుగు పేర్లు. పని జరుగుతున్నప్పుడు ఎలా ఉంటుందో కనపడాలి.

విడుదల చేసిన మొదటి రెండు రోజులు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటావు, తెలుసు. పెట్టెలో రాబోయేవి ఎక్కువగా మూడు రకాలు. బాగుందని చెప్పేవి, వాటికి ఒక్క మాటలో కృతజ్ఞత చెప్పు. ఏదో విరిగిందని చెప్పేవి, వాటిని బంగారంలా చూసుకో. డిస్ట్రో ఏది, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఏ వెర్షన్, జీటీకే ఏ వెర్షన్, స్క్రీన్ స్కేలింగ్ ఎంత, ఒక బొమ్మ, ఈ అయిదూ అడుగు. ఏమీ అనుకోకుండా ఇస్తారు. మూడోవి, ఇదే నీలంలో చెయ్యండి, గుండ్రటి అంచులు తీసెయ్యండి అనేవి. అందరి కోరికలూ తీర్చబోకు. మూలాలు ఇచ్చావు కాబట్టి ఎవరికి కావలసిన రంగు వాళ్ళు మార్చుకోవచ్చు, ఎక్కడ మార్చాలో చెప్తే చాలు. ఒక్క కోరిక మాత్రం ముందే తీర్చి పెట్టుకో: లేత రంగు వెర్షన్. కంట్లో శుక్లం మొదలైనవాళ్ళకీ, ఎండ గదుల్లో పనిచేసేవాళ్ళకీ ముదురు థీమ్ కష్టం. ఎవరైనా కటువుగా రాస్తే ఆ రాత్రి జవాబు రాయకు. టెన్షన్ పడకుండా పడుకో, పొద్దున చూడు. కటువు మాటల్లో కూడా చాలాసార్లు నిజమైన తప్పు ఒకటి ఉంటుంది, దాన్ని తీసుకుని మిగతాది వదిలెయ్యి.

ప్రతి మార్పుకీ వెర్షన్ నంబర్ మార్చు, ఏం మార్చావో రెండు లైన్లు రాయి. ఉన్న ఫైల్‌నే అదే పేరుతో మార్చి పెట్టకు. పాత వెర్షన్లు తీసెయ్యకు కూడా. నచ్చిన రంగుకి అలవాటుపడ్డ మనిషి అప్‌డేట్ చేశాక పొద్దున లేచి చూస్తే ఇంకో రంగు కనిపించడం బాగుండదు. నీకు కొత్త రంగు మీద మనసైతే నేరేడుని కదిలించకుండా దాని పక్కన ఇంకో పేరుతో పెట్టు. పరీక్షలొచ్చో ఉద్యోగంలో చేరో దీన్ని చూసుకోలేని రోజు వస్తే, ఆ సంగతి వివరణ పైన ఒక వాక్యంలో రాసి, ఎవరైనా తీసుకుంటామంటే ఇచ్చెయ్యి.

పని ఇలా మొదలుపెడదాం. ఇప్పుడున్నదాన్ని ఉన్నట్టే కట్టి శుక్రవారంలోపు నాకు పంపు. నా పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 ఉంది, అందులో వత్తులు చూసి బొమ్మలు తీసి పంపుతాను. ఇంకో మెషీన్ అత్తయ్యది. రోజూ సాయంత్రం రెండు గంటలు లిబ్రెఆఫీస్‌లో చీటీల లెక్కలు రాసుకుంటుంది, కిందటేడు శుక్లం ఆపరేషన్ అయింది. ఆవిడ మెషీన్‌లో కూడా నేరేడు వేస్తాను, ఏమీ చెప్పకుండా. వారం తర్వాత ఆవిడ ఏ గడి కనిపించలేదంటుందో, ఏ రంగు బాగుందంటుందో ఆవిడ మాటల్లోనే రాసి పంపుతాను. లేత రంగు వెర్షన్ సిద్ధమైతే అది కూడా కలిపి పంపు.

అమ్మని అడిగానని చెప్పు.

నీ మావయ్య